రేవు సాములో ఊపిరి తీసుకునే చోట్లు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా జిల్లా కళల సంఘం పెద్దలు హువాంగ్ గారికీ, వేదిక మీద నాకు అటూ ఇటూ కూర్చున్న మన రేవు సాము ఎగువ, దిగువ ఇళ్ళ పెద్దలకూ, పెనాంగు నుంచి సముద్రం దాటి ఇంత దూరం ఓపిక చేసుకుని వచ్చిన మన సాము బంధువులకూ, వంటపందిట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయిన అక్కచెల్లెళ్ళకూ, అందరికంటే ముఖ్యంగా ఇవాళ గురువుగా సెలవు తీసుకుంటూ, గుండెల మీద ఎర్రగుడ్డ పువ్వు పెట్టించుకుని ముందు వరసలో పెళ్ళికొడుకులా కూర్చున్న దిగువ ఇంటి గురువు చువాంగ్ బొవెన్ గారికీ, ఆయన్ని ఇన్నాళ్ళూ భరించిన యూచిన్ వదినకీ నా నమస్కారాలు. లోపలికి రండమ్మా, గుమ్మంలో ఎందుకు? ఆల్చిప్పల అట్టు కాసేపు చల్లారితే కొంపలేం మునిగిపోవు.

హువాంగ్ గారు నాకు కొంచెమే సమయం ఇచ్చారు. ఇస్తూ ఇస్తూ చెవి దగ్గరికొచ్చి, "వెంగ్ గారూ, నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోండి, పాత తగాదాలు తవ్వకండి" అన్నారు. మంచి మాటలకేం, చెబుతాను. కానీ మా ఎగువ ఇంట్లో పుట్టినవాళ్ళకి పాలు మాన్పించిన రోజు నుంచీ దిగువ ఇంటిని తిట్టడమే నేర్పిస్తారు, కాబట్టి పొగడ్త నా నోటికి కొత్త. ఎక్కడైనా తడబడితే వయసు అనుకోండి, పొగరు అనుకోకండి. (నవ్వులు.) చువాంగ్ గారు కూడా నవ్వుతున్నారు. కుడివైపు మూతి కదలకపోయినా ఎడమవైపు నవ్వు నాకు కనబడుతూనే ఉంది, దాచుకోకండి.

ముందు అందరూ ఒక పని చెయ్యండి. మీ కాళ్ళ కిందికి చూసుకోండి. ఈ మంటపం నేలరాళ్ళ మీద ప్రతి బల్ల పక్కనా వంపు తిరిగిన గాడి ఉంది, కనబడిందా? పొద్దున పెనాంగు బంధువులు వీటిని ఫోటోలు తీసుకుంటూ, ఏ శిల్పి చెక్కాడు, ఎంత చక్కగా చెక్కాడు అని అడిగారట. శిల్పీ లేడు, ఎవరూ చెక్కలేదు. ఏటా రేవు అవ్వ పూజ రోజున రెండిళ్ళ వాళ్ళూ ఇక్కడే కూడతాం. ఎగువ ఇల్లు సాము చేసేటప్పుడు దిగువ ఇంటివాళ్ళు లేచి బల్లలు గోడవైపు తిప్పుకుని కూర్చుంటారు. దిగువ ఇల్లు సాము చేసేటప్పుడు మేం తిప్పుకుంటాం. అలా మా తాతలు, వాళ్ళ తాతలు ఈడ్చి ఈడ్చి తిప్పితే బల్లకోళ్ళు రాతిని అరగదీశాయి. ఒకరి విద్య ఒకరు చూడకపోవడం మా దగ్గర మర్యాద. చూస్తే దానికి కంటిదొంగతనం అని పేరు. దొంగతనాలన్నిటిలోకీ అదే నీచమైనదని మాకు చెప్పారు.

నాకు కాస్త ఊహ తెలిసిన ఏడు, వెనకాల దిగువ ఇంటివాళ్ళ అడుగులు దబదబా వినబడుతుంటే ఉండబట్టలేక మా మామ్మ చంక కిందినుంచి తల వెనక్కి తిప్పాను. మామ్మ ఇటు చూడనే లేదు, చెయ్యి మాత్రం నేరుగా వచ్చి నా చెవి దొరకబుచ్చుకుంది. "కళ్ళు మూసుకోవే, పరాయి వాళ్ళ సొత్తు మీద కన్నేస్తావా?" అంది. "చూస్తే ఏం పోతుందే మామ్మా?" అన్నాను. "మన పరువు పోతుంది. రేపు నువ్వు బాగా చేస్తే, వాళ్ళ దగ్గర చూసి నేర్చుకుందంటారు. అప్పుడు నీ చేతులు నీవి కావు" అంది. మా మామ్మ అబద్ధమాడే మనిషి కాదు. అందుకే ఆ మాట నేను జన్మంతా నమ్మాను.

పెనాంగు వాళ్ళ కోసమూ, కరపత్రంలో అచ్చేసినది తప్ప ఇంకేం తెలియని మా కుర్రకారు కోసమూ ఈ సాము పుట్టుక నాలుగు మాటల్లో చెబుతాను. రేవు అవ్వ అంటే ఈ షీదూ రేవులో జనాన్ని తెప్ప మీద దాటించిన మనిషి. మొగుడు వరదలో కొట్టుకుపోతే గెడ తానే పట్టింది. ఒంటరి ఆడది గెడ పడితే ఎవరెవరు వస్తారో మీకు తెలియనిదేముంది, తాగొచ్చి కూలి ఎగ్గొట్టేవాడు, తెప్ప నాదని మీదికొచ్చేవాడు, నడి ఏట్లో చెయ్యి వేసేవాడు. వాళ్ళందర్నీ నీళ్ళలోకి తోసి, తనుమాత్రం తడవకుండా ఒడ్డెక్కేదట. ఆ విద్య ఎక్కడిది? మా ఇంటి కథ ప్రకారం కుంటి సన్యాసి ఒకాయన వరద తీసేదాకా అవ్వ గుడిసెలో తలదాచుకుని, పోతూ పోతూ చెప్పిపోయాడు. దిగువ ఇంటి కథ ప్రకారం ఎవరూ చెప్పలేదు, చేప కోసం ఒంటికాలి మీద నిలబడ్డ కొంగను చూసి తనే కనిపెట్టింది. సన్యాసా, కొంగా అని మా ముత్తాతల కాలంలో సంతలో తలలు పగిలాయి. నన్నడిగితే రెండూ కాదు. రోజుకొకడు మీదికొస్తుంటే దెబ్బలు తిని తిని నేర్చుకుని ఉంటుంది. ఆ మాట చెప్పుకోవడానికి రెండిళ్ళకీ నామోషీ. అందుకని ఒకళ్ళు సన్యాసిని, ఒకళ్ళు కొంగని తెచ్చిపెట్టుకున్నారు. (నవ్వులు. వెనక వరసలో ఎవరో "కొంగే!" అని అరిచారు.) సరే నాయనా, కొంగే. కూర్చో.

మన సాములో పక్కకి అడుగు లేదు, ముందుకీ వెనక్కే. పుట్టింది తెప్ప మీద కాబట్టి పక్కకి అడుగేస్తే నీళ్ళే. ఇంతవరకూ రెండిళ్ళూ ఒప్పుకుంటాయి. అవ్వకి కడుపున పుట్టిన కొడుకొకడు, వరదలో దొరికితే పెంచుకున్న కొడుకొకడు. రేవులో కట్టేసిన తెప్ప మీద పుట్టినవాణ్ణి ఎగువ కొసనా, పెంచినవాణ్ణి దిగువ కొసనా నిలబెట్టి నేర్పేది. ఇది కూడా రెండిళ్ళూ ఒప్పుకుంటాయి. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టిందన్న మాట నా పుట్టుక నుంచి వింటున్నాను, చువాంగ్ గారూ విన్నారు, మీరంతా విన్నారు. ఎదురెదురుగా ఎందుకు నిలబెట్టిందని ఒక్కరం కూడా అడగలేదు.

అవ్వ పోయాక, ఆవిడ పేరు చెక్కిన పలక ఎవరు మొయ్యాలన్న దగ్గర ఆ ఇద్దరికీ చెడింది. కడుపున పుట్టినవాడు పలక పట్టుకుని ఎగువ పల్లెకి పోయాడు, పెంచినవాడు ధూపపాత్ర పట్టుకుని దిగువ పల్లెకి పోయాడు. అప్పటినుంచీ మేం పలక ముందు బియ్యం గిన్నెలో అగరుకడ్డీలు గుచ్చుకుంటున్నాం, వాళ్ళు ధూపపాత్ర పెట్టుకుని వట్టి గోడకి దణ్ణం పెడుతున్నారు. పూజ రోజున కూడా ఎవరిది వాళ్ళు తెచ్చుకుని, మంటపానికి ఈ కొసన వాళ్ళూ ఆ కొసన మేమూ పెట్టుకునేవాళ్ళం. ఇవాళ నా వెనకాల ఒకే బల్ల మీద పలకా ధూపపాత్రా పక్కపక్కన ఉన్నాయి, చూశారో లేదో. వాటిని అలా పెట్టడానికి నేనూ యూచిన్ వదినా రెండు పల్లెల్లో ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగామో, ఎన్ని మాటలు పడ్డామో ఇప్పుడు చెప్పను. హువాంగ్ గారు గడియారం చూస్తున్నారు.

దణ్ణం సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఈ దేశంలో పిడికిలి విద్య తెలిసిన ఎవడైనా దణ్ణం పెడితే కుడి పిడికిలిని ఎడమ అరచేతికి ఆనించి పెడతాడు. ఒక్క రేవు సాములోనే ఒంటిచేతి దణ్ణం. మా ఎగువ ఇంట్లో కుడి పిడికిలి ముందుకి చాచి గాల్లో ఆపుతాం, ఎడమ చెయ్యి నడుం మీద ఉంటుంది. ఎందుకయ్యా అంటే అవ్వ ఎడమ చేత్తో గెడ పట్టుకునేది కాబట్టి అని చెప్పుకున్నాం. దిగువ ఇంట్లో ఎడమ అరచెయ్యి ముందుకి చాచి గాల్లో ఆపుతారు, కుడి చెయ్యి నడుం మీద ఉంటుంది. ఎందుకంటే అవ్వ కుడి చేత్తో కూలిసంచి పట్టుకునేదని వాళ్ళు చెప్పుకున్నారు. పైఊరి వాళ్ళు "మీకు రెండో చెయ్యి అరువిచ్చారా ఏం?" అని ఎక్కిరిస్తే, వాళ్ళకి మన సంప్రదాయం అర్థం కాలేదని జాలిపడ్డాం కూడా.

పెనాంగు కొమ్మ మా ఇంటినుంచి చీలింది. రబ్బరు తోటల పనికి ఓడెక్కిన మా వాళ్ళు అక్కడ నేర్పారు. వాళ్ళు అక్కడి జనం ముందు ఒంటిచేతి దణ్ణానికి సిగ్గుపడి, పిడికిలికి తమ ఎడమ అరచెయ్యి తామే చేర్చుకున్నారు. వాళ్ళు మొదటిసారి ఇక్కడికొచ్చి అలా దణ్ణం పెడితే మా పెద్దలు విద్య చెడగొట్టారని మొహం మీదే అన్నారు. పాపం, ఆ అరచెయ్యి ఉండాల్సిందేనని సముద్రం అవతల వాళ్ళకి తోచింది. వాగుకి ఇవతల ఉన్న మాకు తోచలేదు. అలాగే దిగువ ఇంటినుంచి పట్నం కొమ్మ చీలింది, పోటీల కొమ్మ. పట్టు లాగూలు, సంగీతం, గాల్లో పల్టీలు. పల్టీకి మార్కులు ఎక్కువట. తెప్ప మీద పల్టీ కొడితే ఎక్కడ తేలతాడో అవ్వనడగండి. (నవ్వులు.) రుయిఫెంగ్, నువ్వు ఆ పట్నం జట్టులోవాడివని తల దించుకోకు నాయనా, నిన్ను కాదు అనేది. నిన్ను అనాల్సింది ఇంకా ముందుంది. మూడో కొమ్మ బడిపిల్లల కసరత్తు, పొద్దున్నే మైకులో ఎవరో లెక్క చెబుతుంటే వాగు చప్పుడు ఎరగని పిల్లలు రేవు సాము చేస్తారు. కొమ్మలు బాగానే వేసింది చెట్టు. మొదలే రెండుగా చీలి ఉందని ఎవరికీ తెలియలేదు.

చువాంగ్ గారి గురించి చెప్పమంటే ఈవిడ ఊరి చరిత్ర చదువుతోందేమిటని మీరనుకుంటున్నారు. వస్తున్నాను. ఒకసారి జిల్లా పోటీలకి మా ఇద్దర్నీ పక్కపక్క కుర్చీల్లో న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టారు. వాళ్ళకేం తెలుసు మా సంగతి. ఆయన శిష్యులు వచ్చినప్పుడు నేను కుర్చీ తిప్పేసుకున్నాను, నా శిష్యురాళ్ళు వచ్చినప్పుడు ఆయన తిప్పేసుకున్నారు. నిర్వాహకుడు లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చి, "చూడకుండా మార్కులెలా వేస్తారండీ?" అన్నాడు. చువాంగ్ గారు గోడకేసి చూస్తూనే, "చెవులున్నాయిగా. అడుగు చప్పుడు చాలు. అమ్మాయి మడమ ముందు ఆనించింది, సగం మార్కు తీసెయ్యి" అన్నారు. నా శిష్యురాలు మడమ ముందు ఆనించిన మాట నిజమే. ఆ రోజు ఆయన మీద ఎంత ఒళ్ళు మండిందో, లోపల అంత ముచ్చట వేసింది. ముచ్చట వేసిందని ఇవాళే చెబుతున్నాను.

చెవులున్నాయిగా అన్నారు ఆయన. నాకూ ఉన్నాయి. ఏటా ఈ గోడకి ఎదురుగా కూర్చుని ఆయన పెద్ద వరస, అదే సాములో ఎత్తులన్నీ ఒకదాని వెంట ఒకటి చేసేది, వీపుతో విన్నాను. ఎక్కడ నేలని తన్నుతారో, ఎక్కడ బట్ట చప్పుడవుతుందో, ఎక్కడ ఏమీ వినబడదో నాకు పాఠంలా వచ్చు. ఇంటికెళ్ళి నా వరస నేను చేసుకునేటప్పుడు, మధ్యలో మేం ఊపిరి తీసుకునే చోట్లున్నాయి, అక్కడ చేతులు దించకుండా కదలకుండా ఆగుతాం. సరిగ్గా ఆ చోట్లలో ఆయన అడుగు చప్పుడు నా చెవుల్లో మోగేది. తల విదిలించుకునేదాన్ని. పరాయి చప్పుడు నా వరసలోకి దూరిందని అవ్వ పలక ముందు లెంపలేసుకున్నాను కూడా. చెవులకి తెలిసిన సంగతి నేను ఒప్పుకోలేదు.

కిందటి చలికాలం చువాంగ్ గారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. చూడటానికి వెళ్ళాలా వద్దా అని మా పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. వెళ్ళొచ్చు గానీ సాము గురించి మాట్లాడకూడదని తేల్చారు. సన్న నూడుల్సు వండి, రెండు బాతుగుడ్లు వేసి, క్యారియర్‌లో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. అది ఇరుకు గది. మంచానికీ కిటికీకీ మధ్య ఒక్క పీట పట్టే చోటుంది. నేను కూర్చునేసరికి డాక్టరు చెప్పిన వ్యాయామం వేళయింది. డాక్టరు చెప్పింది మంచిగా ఉన్న చెయ్యి పైకెత్తి దింపమని. ఈయన ఊరికే ఎత్తి దింపుతారా? ఎడమ చేత్తో తన పెద్ద వరస మొదలుపెట్టారు. పీట తిప్పుకుందామని లేచాను. యూచిన్ వదిన అందుకుంది: "ఎక్కడికి తిరుగుతావే? గోడకా? జబ్బుమనిషిని చూడ్డానికి వచ్చి వీపు చూపించి పోతావా? కూర్చో!" (నవ్వులు.) అవునా కాదా వదినా? ఆవిడ గొంతు మీ అందరికీ తెలుసు. కూర్చున్నాను.

అలా, నా బతుకులో మొదటిసారి, దిగువ ఇంటి వరసని కళ్ళతో చూశాను. ఆయన అరచెయ్యి నెమ్మదిగా పైకొచ్చింది. నా ఒళ్ళో ఉన్న పిడికిలి, నేను చెప్పలేదు, అనుకోలేదు, దానంతట అదే లేచి వెళ్ళి మంచం కమ్మీ దగ్గర ఆయన అరచేతికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆయన చెయ్యి తిప్పారు, నా మోచెయ్యి దానికి చోటిచ్చింది. ఆయన తోశారు, నేను వెనక్కి వాలాను, మా ఇంట్లో ఆ వాలడానికి వెదురు వంగడమని పేరు, గాలికి వంగుతామని చెప్పుకునేవాళ్ళం. అది గాలి కాదు. దిగువ ఇల్లు మమ్మల్ని తోస్తోంది. మేం ఇన్ని తరాలుగా, తోసే మనిషి లేకుండా వాలుతున్నాం.

ఇద్దరం ఆగిపోయాం. ఆయన నాలుక అప్పటికి సరిగ్గా తిరగడం లేదు. అతి కష్టం మీద ఒకే ఒక్క మాట అన్నారు, "మళ్ళీ." మళ్ళీ చేశాం. వదిన మేమిద్దరం కొట్టుకుంటున్నామనుకుని నర్సుని కేకేసింది. (నవ్వులు.) నర్సు వచ్చి చూసేసరికి ఇద్దరు ముసలాళ్ళం ఎదురెదురుగా కూర్చుని, చేతులు ఆడిస్తూ, ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాం. ఆవిడ ఏమనుకుందో ఏమో, కిటికీ తెర వేసి వెళ్ళిపోయింది. నూడుల్సు మాత్రం చల్లారి ముద్దయిపోయాయి.

ఇప్పుడు మీకు విషయం తెలిసిపోయింది. అవ్వ రెండు వరసలు నేర్పలేదు. ఒకటే నేర్పింది, ఇద్దరు కలిసి చేసేది. ఒక సగం కడుపున పుట్టినవాడి చేతిలో పెట్టింది, రెండో సగం పెంచినవాడి చేతిలో పెట్టింది, ఒకరు లేకుండా ఒకరికి గడవకూడదనుకుంది కాబోలు ఆ తల్లి. వాళ్ళిద్దరికీ ఈ సంగతి తెలుసు. కోపం కొద్దీ శిష్యులకి చెప్పలేదు. శిష్యులు సగాన్నే మొత్తం అనుకున్నారు, దాన్ని దొంగచూపుల నుంచి ప్రాణంలా కాపాడుకున్నారు. ఎంత నిజాయితీగా కాపాడారంటే, ఒక్కడంటే ఒక్కడు దొంగచూపు చూసినా ఏనాడో బయటపడేది. ఒక్క దొంగ లేకపోయాడే మా రెండిళ్ళలో!



ఇక ఇవాళ్టి సంగతి. దిగువ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెద్ద వరసలో ఆఖరి మలుపు పూజ రోజున కూడా చెయ్యరు, అందరికీ చెప్పరు. గురువు విద్య దించుకునే రోజున, అంటే సరిగ్గా ఇలాంటి రోజున, వారసుడు ఒక్కడికే చేసి చూపిస్తాడు. చువాంగ్ గారు వారసుడిగా ఎంచుకున్నది రుయిఫెంగ్‌ని. రుయిఫెంగ్ పట్నం జట్టులోకి వెళ్ళాడు. నాలుగు మెతుకులు అక్కడే దొరుకుతాయి, కాదనను. ఈయన మాత్రం "వాడొస్తాడు, ఒళ్ళు అలిసిపోయాక వాడే వస్తాడు" అని కూర్చున్నారు. వాడి ఒళ్ళు అలిసేలోపు ఈయన ఒళ్ళు పడిపోయింది. ఇవాళ రుయిఫెంగ్ వచ్చాడు, జట్టు కోటు వేసుకుని నాలుగో వరసలో కూర్చున్నాడు. వచ్చాడు గానీ, ఏం ఇవ్వాలి వాడికి? ఆఖరి మలుపు లోకం మొత్తం మీద ఒకే ఒక్క ఒంట్లో ఉంది. ఆ ఒళ్ళు ఆ కుర్చీలో ఉంది.

ఆస్పత్రి నుంచి వచ్చాక మేం ఇద్దరం కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. నా పిడికిలి పడే చోట ఆయన అరచెయ్యి ఉండి తీరాలి కాబట్టి, నా సగాన్ని చూసి ఆ మలుపులో ఆయన సగం చాలావరకు రాబట్టాం. నా వైపు ఊపిరి తీసుకునే చోట్లు ఉన్నాయని చెప్పానే, ఆ మలుపులో వచ్చే అలాంటి చోట్ల దగ్గరే చిక్కొచ్చింది. అక్కడ నేను కదలను. ఆయన కదులుతారు. అదీ కుడి చేత్తో. ఆ చెయ్యి లేవదు. చెప్పాలంటే రెండు మూడు మాటలకి మించి నాలుక తిరగదు. వదిన రోజూ పిండి పిసికే చేతులతో ఆయన కుడి చెయ్యి పట్టుకుని, "ఇటా? అటా? పైకా?" అంటుంది, ఆయన కాదని తలూపుతారు, ఆవిడ ఇంకోవైపు తిప్పుతుంది, ఆయనకి ముక్కుమీద కోపం, ఎడమ చేత్తో మంచం గుద్దుతారు, ఆవిడ "నా మీద గుద్దుతావేం, నీ ముత్తాతల్ని గుద్దు!" అంటుంది. (నవ్వులు.) ఒకరోజు అలా తిప్పగా తిప్పగా కుడి చెయ్యి ఆయన ఎడమ మోచేతి కిందికి వెళ్ళింది. ఆయన కళ్ళు వెలిగాయి. ఒక చోటు దొరికింది. ముగ్గురం పండగ చేసుకున్నాం, వదిన ఆల్చిప్పల అట్టు వేసింది. మిగతా చోట్లు ఇంతవరకూ దొరకలేదు. ఆయనకి తెలుసు. ఆ కళ్ళలోకి చూస్తే తెలుసని తెలుస్తుంది. అది చేతికి రాదు, నోటికి రాదు. అలా చూస్తూ కూర్చోవడం కంటే పెద్ద శిక్ష నాకు తెలిసి లేదు.

ఊపిరి తీసుకోండమ్మా అని మా ఇంట్లో ఎంతమంది ఆడపిల్లలకి చెప్పానో. మా మామ్మ నాకు చెప్పింది, ఆవిడకి వాళ్ళ నాన్న చెప్పాడు. అది ఊపిరి తీసుకోవడం కాదు. ఎదురుచూడటం. దిగువ ఇల్లు వచ్చి తన వంతు చేసేదాకా మా చేతులు గాల్లో ఎదురుచూస్తున్నాయి, ఆ సంగతి మా చేతులకే తెలుసు, మాకు తెలియదు. ఆయన అక్కడే ఉన్నారు, నా వెనకాల, ఇరవై అడుగుల దూరంలో, చేతులు కాళ్ళు ఉక్కులా ఉన్న రోజుల్లో. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆయన కూడా గోడకేసే చూస్తూ కూర్చున్నారు. ఎవరం తప్పు చేశామో చెప్పండి. ఎవరం ఏ తప్పూ చెయ్యలేదు, అదే నాకు కడుపు తరుక్కుపోయే సంగతి.

చువాంగ్ గారూ, నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. మీకంటే మొండివాణ్ణి, మీకంటే నికార్సైన వాణ్ణి ఈ వాగు రెండు ఒడ్డుల మీదా నేను చూడలేదు. మీ అడుగు చప్పుడు కోసం ఏడాదంతా ఎదురుచూసి పూజకి వచ్చేదాన్ని. మీతో కలిసి ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, ఇద్దరం నిండుగా ఉన్న రోజుల్లో ఆ తెప్ప మీద నిలబడి ఉంటే నా జన్మకి చాలు. ఆ పూట లేదు. ఇక రాదు. పెద్దదాన్ని, ఏడవకూడదు, కానీ ఏం చెయ్యను.

(కళ్ళు తుడుచుకుని.)

ఇప్పుడు దిగువ ఇంటి పిల్లలు తమ గురువు గౌరవార్థం సాము చేస్తారు. మా ఎగువ ఇంటివాళ్ళు ఆనవాయితీ ప్రకారం బల్లలు తిప్పుకోవాలి. నేను ఎగువ ఇంటి పెద్దగా అడుగుతున్నాను, ఎవరూ బల్ల తిప్పకండి. ఎదురుగా కూర్చుని కళ్ళారా చూడండి. పాపం చుట్టుకుంటే నాకు చుట్టుకుంటుంది. రేపటినుంచి మా సాముఇంటి తలుపు దిగువ పిల్లలకి తెరిచే ఉంటుంది, రుయిఫెంగ్, నీకు కూడా. వచ్చి నా సగం నేర్చుకో. ఆఖరి మలుపులో దొరకని చోట్లు దొరకనట్టే ఉంటాయి. అక్కడికొచ్చినప్పుడు పిల్లలు ఏం చెయ్యాలని అడిగితే ఊపిరి తీసుకోమని మాత్రం చెప్పను. ఇక్కడ ఒక మనిషి ఉండేవాడని చెబుతాను.

ఒక్కటే మిగిలింది. ఇన్నాళ్ళు కూర్చుని వెతికినా, మా ఇద్దరి చేతులూ ఇంతవరకూ తగల్లేదు. వెంట్రుకవాసిలో ఆగిపోతూ వచ్చాం. "అవ్వ ఎదుట తప్ప వద్దు" అన్నారు చువాంగ్ గారు. అవ్వ ఇప్పుడు ఎదుటే ఉంది, పలకతో, ధూపపాత్రతో. మొన్న అడిగితే, జనం ముందా, నా చెయ్యి వణుకుతుంది, వద్దు అని తల అడ్డంగా ఊపారు. ఇప్పుడేమంటారో నాకు తెలియదు. నేను మాత్రం కిందికి దిగి మా ఇంటి దణ్ణం పెడతాను. ఆయన చెయ్యి ఎత్తకపోతే, ఎప్పటిలాగే నా పిడికిలి గాల్లో ఉంటుంది, మాకు అలవాటే. హువాంగ్ గారూ, ఈ మైకు తీగ అంతదూరం వస్తుందా? వస్తుందట.

(వేదిక దిగి, చువాంగ్ గారి కుర్చీ ముందు నిలబడి, పిడికిలి చాచారు. చువాంగ్ గారి పెదవులు కదిలాయి.)

ఏమిటండీ? గట్టిగా చెప్పండి, జనానికి వినబడాలి. "ఉండు... ఊపిరి తీసుకుంటున్నా" అంటున్నారు. (నవ్వులు. ఎవరో వెక్కిన చప్పుడు.) తీసుకోండి. తొందరేం లేదు. ఎదురుచూడటంలో మా ఇంటికి సాటి లేదు.

(బల్లలు ఒక్కటీ కదల్లేదు.)

వణకనివ్వండి, ఏం పరవాలేదు... ఇదిగో.

మీ అరచెయ్యి వెచ్చగా ఉంది చువాంగ్ గారూ. ఇంత వెచ్చగా ఉంటుందని మా మామ్మకి తెలియకుండానే పోయింది.

ఓపికగా విన్న అందరికీ కృతజ్ఞతలు. సెలవు.